‘సృజన – సహకారం’ మీద చర్చ పెడుతున్నారా? ముందు బల్ల మీద ఒక బొమ్మ పెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫిబ్రవరిలో విజయవాడలో మూడు రోజుల సమకాలీన ఆర్ట్ ఫెయిర్ పెడుతున్నారు. నలభై దాకా స్టాళ్ళుంటాయి. ‘సృజనాత్మకత – సహకారం’ అనే అంశం మీద రెండు ప్యానెల్ చర్చలు నడిపే పని మీ నెత్తిన పడింది. ఇలాంటివి ఉపన్యాసాల కింద మారిపోయి, జనం ఒక్కొక్కరే లేచి స్టాళ్ళ వైపు జారుకోవడం మీ కళ్ళతో చూశారు. అలా కాకుండా ఉండాలంటే ఎవరిని పిలవాలి, ఏం అడగాలి అని.

ఇరవై ఏళ్ళుగా బెజవాడ, గుంటూరు, తెనాలిలో ఇలాంటివి నడుపుతున్నాను. బాగా కుదిరినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి చెడిపోయిన దానితోనే మొదలుపెడతాను.

ఆరేడేళ్ళ కిందటి మాట. వేదిక మీద ఐదుగురు: ఒక గ్యాలరీ నడిపే ఆవిడ, ఒక డిజైనర్, ఒక ప్రొఫెసర్, స్పాన్సర్ తరఫున ఒకాయన, కొండపల్లి నుంచి బొమ్మలు చేసే ఒక పెద్దాయన. మోడరేటర్‌ని నేనే, తప్పూ నాదే. ‘సహకారం అంటే మీ దృష్టిలో ఏమిటి?’ అని మొదటి ప్రశ్న వేశాను. నలుగురూ తలా పన్నెండు నిమిషాలు మాట్లాడారు. అంతా మంచి మాటలే. పెద్దాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ళ చుట్టూ పసుపు రంగు ఇంకా పోలేదు. మైకు ఆయన దాకా వెళ్ళేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి. ‘నేనేం చెప్తానండీ, సార్లు అన్నీ చెప్పేశారు’ అని మైకు పక్కాయనకి ఇచ్చేశాడు. చప్పట్లు కొట్టాం. శాలువా కప్పాం.

తర్వాత బయట టీ కొట్టు దగ్గర అదే మనిషి అరగంట మాట్లాడాడు. ఒక డిజైనర్ కాగితం మీద ఏనుగు గీసి పంపించాట్ట. తొండం ముందుకి చాచి, పైకి లేపి, కింద ఏ ఆధారమూ లేకుండా. తెల్ల పొణికి కర్ర తేలిక, మెత్తన. సన్నగా చెక్కి అలా గాల్లో నిలబెడితే చెయ్యి తగలగానే విరుగుతుంది. ‘కాగితానికేముందండీ, ఎటైనా వంగుద్ది. కర్ర ఈనె ఎటు పోతే తొండం అటు పోవాల’ అన్నాడు. అందుకని తొండం విడిగా చెక్కి, కొస నుదుటికి ఆనేట్టు వంపు మార్చి, మక్కుతో అతికాడు. మక్కంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద. కొండపల్లి బొమ్మలో విడివిడిగా చెక్కిన చేతులూ కాళ్ళూ అతికేది దానితోనే. డిజైనర్ ముందు కోప్పడ్డాడు. తర్వాత ఆ మార్చిన ఏనుగే కేటలాగ్ అట్ట మీదికి ఎక్కింది, ఒక్క డిజైనర్ పేరుతోనే. ‘పోనీలెండి, ఏనుగు నిలబడింది గదా’ అని టీ గ్లాసు కింద పెట్టి, కాసేపాగి, ‘పేరుంటే మావాడికి చూపించేవాణ్ణి’ అన్నాడు.

హాల్లో జరగాల్సిన చర్చ అది. టీ కొట్టు దగ్గర జరిగింది, నేనూ ఒక సౌండ్ అబ్బాయీ విన్నాం.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే. వేదిక మీద కుర్చీల మధ్య చిన్న బల్ల వేసి, ఇద్దరో ముగ్గురో కలిసి చేసిన వస్తువు ఒకటి దాని మీద పెడతాను. బొమ్మ కావచ్చు, బట్ట కావచ్చు, ఇనుప శిల్పం కావచ్చు. ఆ వస్తువు గురించే మాట్లాడమంటాను. ‘సహకారం అంటే ఏమిటి’ అని అడిగితే ఎవరైనా మర్యాదగానే జవాబిస్తారు. ‘ఈ తొండం వంపు ఎవరిది?’ అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చర్చ అక్కడ మొదలవుతుంది.

ఎవరిని పిలవాలన్నది దీంట్లోనే తేలిపోతుంది. ఆ వస్తువు చేసినవాళ్ళిద్దరూ, బయటివాళ్ళు ఒకరు, మోడరేటర్. అంతే, ఐదో కుర్చీ వద్దు. మన గుంటూరు జిల్లా బుర్రకథ చూడండి. నడుమ తంబురాతో కథకుడు, ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ‘వంత పాడటం’ అంటే ఇప్పుడు తలాడించడం అనే అర్థం స్థిరపడిపోయింది కానీ, అసలు బుర్రకథలో వంతలు ఉన్నది తలాడించడానికి మాత్రమే కాదు. ఒకరు హాస్యం పట్టుకుంటారు, ఒకరు రాజకీయం పట్టుకుంటారు, కథ మధ్యలో ఆపి అడుగుతారు, ఎగతాళి చేస్తారు, జనం మనసులో ఉన్న అనుమానం పైకి అనేస్తారు. పొన్నెకల్లు షేక్ నాజర్ అంతటివాడి కథకి కూడా పక్కన ఆ ఇద్దరూ ఉండాల్సిందే. మీ ప్యానెల్‌లో మూడో కుర్చీ మనిషి ఆ పని చెయ్యాలి. నా అనుభవంలో దానికి విమర్శకుల కంటే లెక్కలు చూసేవాళ్ళు, లాయర్లు, ఫ్రేములు కట్టేవాళ్ళు బాగా పనికొచ్చారు. వాళ్ళకి మొహమాటం తక్కువ.

స్పాన్సర్ గారి మనిషికి వేదిక మీద కుర్చీ కావాలని ఒత్తిడి వస్తుంది. తప్పదు, వస్తుంది. ప్రారంభోత్సవంలో ఇచ్చేయండి. చర్చలో ఇవ్వకండి.

ఇక మీది ఆర్ట్ ఫెయిర్ అన్న సంగతి మర్చిపోవద్దు. బినాలె, అంటే రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన, వేరు, ఫెయిర్ వేరు. కొచ్చి–ముజిరిస్ బినాలెని 2012 డిసెంబరు 12న మొదలుపెట్టింది బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు చిత్రకారులు. అక్కడ జనం ప్రధానంగా చూడ్డానికి వెళతారు. ఢిల్లీలో 2008లో ఇండియా ఆర్ట్ సమ్మిట్ పేరుతో మొదలై తర్వాత ఇండియా ఆర్ట్ ఫెయిర్ అయినది బజారు. గ్యాలరీలు అద్దె కట్టి స్టాళ్ళు తీసుకుంటాయి, అమ్ముకుంటాయి. అలాంటి చోట చర్చలు పెట్టడంలో కొనేవాళ్ళకి ధైర్యం కలిగించడం కూడా ఒక పని. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ పది అడుగుల దూరంలో ధరల చీటీలు వేలాడుతుంటే, వేదిక మీద మాత్రం డబ్బు మాట ఎత్తకుండా సృజన గురించి మాట్లాడటం ఎబ్బెట్టుగా ఉంటుంది. కాబట్టి మొదటి ప్రశ్నగా డబ్బు సంగతే అడగండి. ఈ ఏనుగు ఎంతకి అమ్ముడైంది, చెక్కినవాళ్ళకి ఎంత, రంగులేసినవాళ్ళకి ఎంత, గీసినవాళ్ళకి ఎంత, గ్యాలరీకి ఎంత. ముందే వక్తలతో ఫోన్లో మాట్లాడి, ఈ ప్రశ్న వస్తుందని చెప్పి ఉంచండి. వేదిక మీద హఠాత్తుగా అడిగితే అది చర్చ కాదు, పంచాయితీ.

రెండో ప్రశ్న పేరు గురించి. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ క్రిస్టో, జాన్‌క్లాడ్ దంపతులది. పెద్ద పెద్ద భవనాలకీ వంతెనలకీ బట్ట చుట్టినవాళ్ళు. ఇద్దరూ కలిసే చేసినా, 1994 దాకా అన్నిటి మీదా క్రిస్టో ఒక్కడి పేరే. ఆ ఏడాది నుంచి, బయట బహిరంగంగా చేసిన పాత పనులన్నిటికీ కూడా ఇద్దరి పేర్లూ పెట్టుకున్నారు. భార్యాభర్తలకే అన్నేళ్ళు పట్టింది. మీ సభలో ఇది చెప్పి, మన దగ్గర చెక్కేది మగవాళ్ళూ రంగులేసేది ఆడవాళ్ళూ అయిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో కొండపల్లి నుంచి వచ్చినవాళ్ళని అడగండి. బొమ్మ అడుగున ఎవరి సంతకం ఉంటుందో కూడా.

నేను గట్టిగా సిఫారసు చేసేది ఒకటుంది. మొదటి చర్చకి అమరావతి నుంచి ఎత్తుకోండి. అక్కడి బౌద్ధ స్తూపం పలకల మీది శాసనాల్లో దాతల పేర్లు బోలెడు. అందులో ఒకటి తోలు పనిచేసే విధికుడిది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరితో కలిసి పూర్ణఘటం (నిండు కలశం) చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. ఇవాళ మన రాష్ట్ర చిహ్నంలో కనిపించే పూర్ణఘటం కూడా ఆ అమరావతి సంప్రదాయంలోదే. ఆ కుటుంబం ఉమ్మడిగా ఇచ్చిన దానం సంగతి రాతి మీద మిగిలింది. ఉలి పట్టినవాడి సంగతి ఆ శాసనం ఎత్తదు. ఇప్పుడు ఏ ఊరి సెంటర్‌లోనైనా విగ్రహం కింద శిలాఫలకం చదవండి. ఆవిష్కరించినవారు, అధ్యక్షత వహించినవారు, దాత, కమిటీ సభ్యులు. చేసిన శిల్పి పేరు ఉంటే మీ అదృష్టం. తెనాలి చుట్టుపక్కల విగ్రహాలు చేసేవాళ్ళని అడిగితే ఈ విషయంలో వాళ్ళ దగ్గర నవ్వు తెప్పించే కథలున్నాయి. ఏడుపు తెప్పించేవీ ఉన్నాయి.

మీ రెండో చర్చని తెనాలి వైపు తిప్పమని నా సలహా. ఒక విగ్రహం వెనక మట్టితో నమూనా చేసేవాళ్ళు, అచ్చు తీసేవాళ్ళు, పోత పోసేవాళ్ళు, వెల్డింగ్ చేసేవాళ్ళు ఉంటారు. పాత ఇనుప సామాన్లతో చేసే శిల్పాల్లోనైతే, ఏ గేరు చక్రం మోకాలి చిప్ప అవుతుందో కనిపెట్టేది చాలాసార్లు తుక్కు కుప్పలో ఏరే కుర్రాడే. సృజన ఎక్కడుందీ అంటే ఆ కుర్రాడి కంట్లో కూడా ఉంది. అతన్ని పిలవండి. లేదంటే పెడన నుంచి కలంకారీ అద్దకం వాళ్ళని పిలవొచ్చు. అక్కడ అచ్చు చెక్కేవాళ్ళు వేరు, అద్దేవాళ్ళు వేరు, బట్ట ఉడికించి ఉతికేవాళ్ళు వేరు. నీళ్ళు మారితే రంగు మారుతుంది కాబట్టి ఉతికే మనిషి చేతిలో కూడా నిర్ణయం ఉంటుంది.

మూడో ప్రశ్న నాకిష్టమైనది: తేడా వస్తే బాధ్యత ఎవరిది? 2022లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శనని జకార్తాకి చెందిన రువాంగ్రుపా అనే కళాకారుల బృందానికి అప్పగించారు. వాళ్ళు ‘లుంబుంగ్’ అనే ఆలోచన తెచ్చారు. అంటే ఊరుమ్మడి ధాన్యపు గాదె. పండించినవాళ్ళు తమకి మిగిలింది అందులో వేస్తారు, అవసరమైనవాళ్ళు తీసుకుంటారు. మన డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళు పిలిచిన బృందాలు మరికొన్ని బృందాలని పిలిచాయి. చివరికి ఒక ఇండొనేషియా బృందం వేలాడదీసిన పెద్ద బట్ట మీద యూదుల పట్ల ద్వేషం చూపే బొమ్మలున్నాయని గొడవైంది. ముందు కప్పేశారు, తర్వాత దించేశారు. డాక్యుమెంటా నడిపే సంస్థ డైరెక్టర్ జనరల్ పదవి వదులుకున్నారు. ఆ బట్టని ఎవరు ఎంచినట్టు, ఎవరు చూసి ఒప్పుకున్నట్టు? గాదెలో అందరూ గింజలు పోస్తారు సరే, పురుగు పట్టిందేమోనని చూసే పని ఎవరిది? మీ వక్తలకి ఈ ఒక్క ప్రశ్న వేసి మీరు పది నిమిషాలు నోరు మూసుకోవచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే మద్రాసు దగ్గర చోళమండలం ఉంది. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ చుట్టూ చేరిన కళాకారులు బాతిక్ (మైనం అద్ది బట్టకి రంగులేసే పని) లాంటి చేతిపనులు చేసి అమ్మి, ఆ ఆదాయంతో ఒక ఊరే కట్టుకున్నారు. ఎవరి చిత్రం వాళ్ళదే. ఉమ్మడిగా ఉన్నది బతుకుతెరువు. సహకారం అనగానే అందరూ ఒకే కాన్వాసు మీద కుంచెలు పెట్టాలని మనవాళ్ళు అనుకుంటారు, అది నాకు ఎప్పుడూ అర్థం కాదు. అద్దె పంచుకోవడం కూడా సహకారమే.

లాయర్ని పిలవమని పైన ఎందుకన్నానంటే, చట్టం సంగతి సభలో ఎవరికీ తెలియదు, తెలిస్తే అందరూ ముందుకి వంగి వింటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఇద్దరు కలిసి చేసిన పనిలో ఒకరి వంతుని మరొకరి వంతు నుంచి విడదీయలేకపోతే అది ఉమ్మడి సృష్టి. ఆ ఇద్దరిలో ఆఖరున పోయినవాళ్ళ తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. హక్కు వేరేవాళ్ళకి రాసివ్వాలంటే కాగితం మీద సంతకంతో రాసివ్వాల్సిందే, నోటి మాట చెల్లదు. ఎన్నాళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నేను చేసిందని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు చేసినవాళ్ళ దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు శిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకెళ్ళి పోరాడాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షల పరిహారం ఇవ్వమనీ, మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగివ్వమనీ తీర్పిచ్చింది. దీన్ని లాయర్ గారు ఐదు నిమిషాల్లో చెప్పాలి. సెక్షన్ల నంబర్లు చదవొద్దని ముందే బతిమాలండి.

భాష సంగతి. తెలుగులో పెట్టండి. హైదరాబాదు నుంచో ముంబయి నుంచో ఒకరు వస్తున్నారని మొత్తం ఇంగ్లీషులోకి మార్చేస్తే, వస్తువు చేసిన మనిషి నోరు అక్కడే కట్టేసినట్టు. వచ్చేది ఒక్కరే అయితే ఆ ఒక్కరి పక్కన కూర్చుని చెవిలో చెప్పే మనిషిని పెట్టండి. ‘డైలాగ్’, ‘ప్రాసెస్’, ‘ప్రాక్టీస్’ లాంటి మాటలు వచ్చినప్పుడల్లా నేను ‘అంటే ఏం చేశారండీ?’ అని అడుగుతాను. మొదటిసారి చిరాకు పడతారు, రెండోసారికి వాళ్ళే మామూలు మాటల్లోకి దిగుతారు.

పనివాళ్ళని పిలిస్తే ఆ రోజు కూలి పోతుంది. రానుపోను ఖర్చులు, భోజనం కాక, ప్రొఫెసర్ గారికి ఎంత కవరు ఇస్తున్నారో వీళ్ళకీ అంతే ఇవ్వండి. నేను చూసిన ఒక చోట ఇద్దరికీ ఇచ్చిన కవర్ల మందంలోనే తేడా కనిపించింది. సహకారం మీద సభ అది.

మన సభల అసలు జబ్బు తెలుసుగా. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అతిథి పరిచయాలు, శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథి ఆలస్యం. చర్చకి అనుకున్న గంటలో ఇరవై నిమిషాలు మిగులుతాయి. చర్చలో ఇవేవీ పెట్టకండి. పరిచయాలు ఫ్లెక్సీ మీద రాసేస్తే చాలు. శాలువా కప్పాల్సిందేనని పెద్దవాళ్ళు పట్టుబడితే, చర్చ అయ్యాక, ఫొటో కోసం, మంగళగిరి కండువా. మొత్తం 50 నిమిషాలు పెట్టుకోండి. 30 మాటలకి, 20 జనానికి.

జనం ప్రశ్నల దగ్గర జాగ్రత్త. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగికి విడిగా ఒక స్థానం ఉంటుంది. మన సభల్లో ఆయన పిలవకుండానే వస్తాడు. మైకు పట్టుకుని ‘నా చిన్నప్పుడు...’ అని మొదలుపెడతాడు. తిరిగే మైకు ఇవ్వకండి. చీటీలు పంచి రాయించుకోండి, మీ వాలంటీర్ ఏరి ఇస్తే మీరు చదవండి. ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఉంటే ముందు వాళ్ళవి తీయండి. వాళ్ళు సూటిగా అడుగుతారు, ఆ వయసులో ఇంకా ఎవరికీ భయపడరు.

వేదికని ప్రత్యేక హాల్లో కాకుండా స్టాళ్ళ చివర, చూసేవాళ్ళు నడిచే దారిలోనే వెయ్యండి. ఒకటే షరతు, తిండి స్టాళ్ళకీ జనరేటర్‌కీ దూరంగా. ఒకసారి మా వెనకే మిర్చి బజ్జీల మూకుడు పెట్టారు. గుంటూరు జనం ఎటు చూశారో చెప్పక్కర్లేదు. వక్తలకి చేతి మైకులు కాదు, కాలర్ మైకులు ఇవ్వండి. వస్తువుని చేత్తో పట్టుకుని, తిప్పి చూపించాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బల్ల మీది బొమ్మ వెనక వరసకి కనపడదు కాబట్టి, ఒక ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి, దాన్ని తెరకి కలపండి. తొండం దగ్గర అతుకు అంత పెద్దదిగా కనిపిస్తే జనం లేవరు. ఇది నేను చూశాను.

మోడరేటర్‌గా మీరే కూర్చోండి, పేరున్నవాళ్ళ కోసం వెతక్కండి. కాకపోతే చర్చకి వారం ముందు ఒకసారి వాళ్ళ పనిచోటికి వెళ్ళి రండి. కొండపల్లి ఇక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్ల దూరం, పూటలో అయిపోతుంది. అక్కడ రెండు గంటలు కూర్చుంటే వేదిక మీద అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే దొరుకుతాయి. నేను ఆ రోజు అలా వెళ్ళి ఉంటే ఏనుగు సంగతి ముందే తెలిసేది.

సమయం సాయంత్రం ఐదున్నర పెట్టండి. తెనాలి, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళని మాత్రం నాలుగింటికే రమ్మనండి. ఆ వేళకి వారధి మీద ఇరుక్కుంటే ఎప్పటికి వస్తారో ఎవరూ చెప్పలేరు. ముందొస్తే స్టాళ్ళు చూసుకుంటారు, టీ తాగుతారు. ఆ టీ దగ్గర మీరూ ఉండండి.